జూలై 4 బోర్డుకి ఇన్ని లైన్లా? ఏవి ఉంచాలి, ఏవి తుడిచెయ్యాలి?

బోర్డు_బాబాయ్
మల్కాజిగిరిలో మా కాలనీ గ్రంథాలయం గేటు పక్కన 4 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు నల్లబోర్డు ఉంది. 'చరిత్రలో ఈ రోజు' రాసేది దాని మీదే. జూలై 4కి వాట్సాప్‌లో తిరుగుతున్న జాబితా ఇది, ఒక్క అక్షరం మార్చలేదు:

1054 నక్షత్రం పేలింది. 1187 హత్తీన్ యుద్ధంలో సలాదీన్ గెలుపు. 1776 అమెరికా స్వాతంత్ర్య పత్రం మీద సంతకాలు. 1826 జెఫర్సన్, ఆడమ్స్ ఒకే రోజు మృతి. 1897 అల్లూరి సీతారామరాజు జననం. 1902 వివేకానందుడి నిర్యాణం. 1934 మేరీ క్యూరీ మరణం. 1943 సింగపూర్‌లో నేతాజీ ఆజాద్ హింద్ ప్రభుత్వం. 1946 దొడ్డి కొమరయ్య అమరుడు. 1946 ఫిలిప్పీన్స్ స్వాతంత్ర్య దినం. 1947 భారత స్వాతంత్ర్య చట్టం. 1963 పింగళి వెంకయ్య మరణం. 1997 అంగారకుడి మీద పాత్‌ఫైండర్. 2012 హిగ్స్ బోసాన్.

ఒక్క తేదీకి ఇన్ని ఎలా పడ్డాయి? ఎవరైనా కూర్చుని అతికించారా? మా చదువరుల్లో రిటైరైన హిస్టరీ మాస్టార్లే ముగ్గురు. తప్పు రాస్తే గేటు దాటనివ్వరు.

తేదీలతాత
తేదీలు దాదాపు అన్నీ నిలబడతాయి. కూలిపోయేది పక్కన రాసిన మాటలే. నాలుగు చోట్ల.

1776: జూలై 4న సంతకాలు జరగలేదు. విడిపోదామని ఓటేసింది జూలై 2న. ఎందుకు విడిపోతున్నామో చెప్పే పత్రాన్ని ఆమోదించింది 4న, ఆ రాత్రే అచ్చుకి పోయింది. తోలు మీద అందంగా రాయించి ఎక్కువమంది సంతకాలు పెట్టింది ఆగస్టు 2న. 'పత్రం ఆమోదం' అని రాస్తే ఎవరూ వేలెత్తి చూపలేరు.

1943: ఆ రోజు సింగపూర్ కాథే హాల్లో రాస్ బిహారీ బోస్ నుంచి నేతాజీ ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్ నాయకత్వం అందుకున్నాడు. ప్రభుత్వం ప్రకటించింది అక్టోబర్ 21న. హాలు ఒకటే కాబట్టి జాబితా రాసినవాళ్ళు రెండూ కలిపేశారు.

1946 ఫిలిప్పీన్స్: స్వాతంత్ర్యం వచ్చింది జూలై 4నే. కానీ వాళ్ళ 'స్వాతంత్ర్య దినం' ఇప్పుడు జూన్ 12, 1898లో స్పెయిన్ మీద ప్రకటించుకున్న రోజు. 1962లో మార్చుకున్నారు. 'దినం' తీసేసి 'స్వాతంత్ర్యం' అని వదిలెయ్యండి.

1947: ఆ రోజు బ్రిటిష్ కామన్స్ సభలో పెట్టింది బిల్లు. రాజుగారి ఆమోదం పడి చట్టమైంది జూలై 18న. 14 రోజుల తేడా.

నారాయణగూడ_నస
తేదీ కరెక్టు, క్రియ తప్పు. ఇది హిస్టరీ మాస్టారి కేసు కాదు, తెలుగు మాస్టారిది.

చుక్కల_చంద్రం
అయితే అయిదోది కూడా రాసుకోండి. 1054లో నక్షత్రం 'పేలలేదు', 'కనబడింది'. ఆ పేలుడు మిగిల్చిన వాయు మేఘం (నెబ్యులా) మనకి దాదాపు 6,500 కాంతి సంవత్సరాల దూరం, అంటే పేలుడు అంతకు అన్ని వేల ఏళ్ళ ముందే అయిపోయింది. చైనా ఖగోళ శాఖవాళ్ళు కొత్త చుక్క కనబడిన రోజు రాసి పెట్టారు. 23 రోజులు పట్టపగలు కూడా కనిపించిందని వాళ్ళ లెక్క. తేదీ వాళ్ళది, పేలుడు కాదు.

కోఠీ_పాతపుస్తకం
పింగళి వెంకయ్యగారి విషయం ఎవరూ గమనించినట్టు లేదు. ఆయన పోయింది 1963 జూలై 4. పుట్టింది ఆగస్టు 2, భట్లపెనుమర్రులో. తాతగారు పైన చెప్పినట్టు అమెరికా పత్రం ఆమోదం జూలై 4, సంతకాలు ఆగస్టు 2. జెండా రూపశిల్పికి వాళ్ళ రెండు తేదీలూ పడ్డాయి, కాకపోతే తలకిందులుగా.

నారాయణగూడ_నస
దీన్ని బోర్డు మీద రాస్తే రేపటికి వాట్సాప్‌లో 'నాసా ధ్రువీకరించింది' అని తిరిగొస్తుంది.

కోఠీ_పాతపుస్తకం
అందుకే ఇక్కడే ఆపేశా. ఇంకో జాగ్రత్త: ఆయన పుట్టిన ఏడు చాలాచోట్ల 1876, కొన్నిచోట్ల 1878. అల్లూరికి 1897 అనీ 1898 అనీ రెండూ కనబడతాయి. ప్రభుత్వ ఉత్సవాలతో సరిపోల్చుకోవాలంటే, అల్లూరి 125వ జయంతి 2022 జూలై 4న భీమవరంలో చేశారు, అంటే లెక్క 1897 నుంచి. ఏడాది మీద పేచీ ఉన్న చోట బోర్డు మీద తేదీ ఒక్కటే రాసి ఊరుకోవడం మేలు.

తేదీలతాత
ఒప్పుకోను. ఏడాది లేని చరిత్ర బోర్డు పెళ్ళికొడుకు పేరు లేని శుభలేఖ. అధికారికంగా వాడే ఏడాది రాయండి, అడిగితే రెండోది చెప్పండి.

జూలియన్_జూబ్లీహిల్స్
అసలు గొడవ మొదటి రెండు లైన్లలో ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. 1054, 1187 తేదీలు జూలియన్ లెక్కవి, అంటే రోమన్ల నాటి పాత క్యాలెండర్. మిగతా 12 గ్రెగోరియన్, అంటే 1582లో దాని స్థానంలో వచ్చిన ఇప్పటి క్యాలెండర్. రెండు వేర్వేరు గజాలతో కొలిచి ఒకే వరసలో పెట్టారు.

మార్చడం ఇలా. జూలియన్ తేదీకి 1582 నుంచి 1700 ఫిబ్రవరి ఆఖరు దాకా 10 రోజులు కలపాలి, ఆపైన 1800 దాకా 11, 1900 దాకా 12, ఇప్పుడు 13. 1700, 1800, 1900 జూలియన్‌లో లీపు ఏళ్ళు, గ్రెగోరియన్‌లో కావు కాబట్టి శతాబ్దం మారినప్పుడల్లా ఒకటి పెరుగుతుంది. 1600, 2000 రెండింటిలోనూ లీపే, అందుకే అక్కడ పెరగలేదు. వెనక్కి పోతే తగ్గుతుంది: 1187కి 7 రోజులు, 1054కి 6.

అంటే ఇప్పటి కొలతతో హత్తీన్ జూలై 11, ఆ చుక్క జూలై 10. రెండూ మీ బోర్డు మీదికి రావు.

తేదీలతాత
అది మరీ అతి. 1582కి ముందు జరిగినవన్నీ జూలియన్‌లోనే రాయడం చరిత్రకారుల వాడుక. తళ్ళికోట యుద్ధం 1565 జనవరి 23 అని ప్రపంచమంతా రాస్తుంటే మీరొక్కరే ఫిబ్రవరి 2 అంటారా?

జూలియన్_జూబ్లీహిల్స్
పుస్తకంలో జనవరి 23 అనే రాస్తా. కానీ 'నేతాజీ పుట్టినరోజూ తళ్ళికోటా ఒకే రోజు' అని మాత్రం రాయను. నేతాజీ 1897 జనవరి 23 గ్రెగోరియన్. ఒక ఘటనని దాని తేదీతో చెప్పడం వేరు, రెండింటిని 'ఒకే రోజు' అని జత కట్టడం వేరు. మొదటిదానికి వాడుక చాలు. రెండోదానికి గజం ఒక్కటే ఉండాలి.

మౌలాలి_మెట్లు
తళ్ళికోటది జూలియన్ తేదీ అని ఎలా నమ్మడం? అప్పుడే ఎవరో మార్చి రాసి ఉండొచ్చుగా.

జూలియన్_జూబ్లీహిల్స్
వారం చూడాలి. పాత రచనల్లో ఆ రోజు మంగళవారం అని ఉంది. జూలియన్ ఆఖరి రోజు 1582 అక్టోబర్ 4 గురువారం. 1565 జనవరి 23 నుంచి అక్కడికి 6,463 రోజులు. 7తో భాగిస్తే 2 మిగులుతుంది. గురువారం నుంచి రెండు వెనక్కి, మంగళవారం. సరిపోయింది. అదే జనవరి 23ని గ్రెగోరియన్ అనుకుంటే శనివారం వస్తుంది. వారం కుదిరిందంటే గజం ఏదో తేలిపోయినట్టే.

మౌలాలి_మెట్లు
ఇదంతా ఎక్సెల్‌లో పడేస్తే పోదా?

సున్నా_శకం
పోదు. ఎక్సెల్‌కి 1900 జనవరి 1కి ముందు ప్రపంచమే లేదు. అంతకు ముందు తేదీ కొడితే మామూలు అక్షరాలనుకుని ఎడమ పక్కకి నెట్టేస్తుంది, కూడికలు చెయ్యదు. పైగా 1900ని లీపు ఏడాదిగా లెక్కేసి లేని ఫిబ్రవరి 29 ఒకటి పుట్టించింది, అందుకని 1900 జనవరి, ఫిబ్రవరి వారాలు ఒక రోజు తప్పుతాయి. పాత తేదీలకి జూలియన్ డే నంబరు ఇచ్చే కాలిక్యులేటరు వాడండి, క్యాలెండర్ ఏదైనా రోజుకి ఒకటే అంకె.

ట్యాంక్‌బండ్_ట్రాట్‌స్కీ
గజం సంగతి వచ్చింది కాబట్టి నా పేరుగలాయన కేసు. ట్రాట్‌స్కీ పుట్టింది 1879 నవంబర్ 7, విప్లవం 1917 నవంబర్ 7. 'పుట్టినరోజు నాడే విప్లవం' అంటారు. పాత రష్యా క్యాలెండర్‌లో చూస్తే పుట్టింది అక్టోబర్ 26, విప్లవం అక్టోబర్ 25. ఒకే రోజు కాదు! పంతొమ్మిదో శతాబ్దపు తేదీకి 12, ఇరవయ్యోదానికి 13 కలపడంతో రెండూ 7 మీద పడ్డాయి. 1917లో పెట్రోగ్రాడ్‌లో ఉన్నవాడికి ఆ కలయిక లేనే లేదు.

నారాయణగూడ_నస
అక్టోబర్ విప్లవం నవంబర్‌లో, ఆగస్టు సంతకాలు జూలైలో. ఆంధ్రా భోజనం బోర్డు కింద బిర్యానీ అమ్మినట్టుంది.

పుస్తకాల_పురుగు_పద్మారావునగర్
ఇందుకు తిరగేసిన కేసు షేక్‌స్పియర్, సెర్వాంటిస్. ఇద్దరికీ 1616 ఏప్రిల్ 23 అని పుస్తక దినోత్సవం నాడు వాయిస్తుంటారు. ఇంగ్లండ్ అప్పటికి జూలియన్, స్పెయిన్ గ్రెగోరియన్. అసలు తేడా పది రోజులు. పైగా సెర్వాంటిస్ పోయింది 22న, 23 ఆయన్ని పూడ్చిన తేదీ.

కోఠీ_పాతపుస్తకం
మన దగ్గరే ఉంది ఇలాంటిది. 1746లో ఫ్రెంచివాళ్ళు మద్రాసు పట్టుకున్నారు. కోట లొంగిన రోజు ఇంగ్లీషు కాగితాల్లో సెప్టెంబర్ 10, ఫ్రెంచి లెక్కలో 21. రోజు ఒక్కటే. ఇంగ్లండ్ 1752లో సెప్టెంబర్ 2 తర్వాత నేరుగా 14కి దూకేదాకా కంపెనీ కాగితాలన్నీ పాత లెక్కే. 1751 దాకా వాళ్ళ కొత్త సంవత్సరం కూడా మార్చి 25న, కాబట్టి జనవరి 1 నుంచి మార్చి 24 దాకా తేదీల్లో ఏడాది కూడా ఒకటి తక్కువ కనబడుతుంది. రోజూ ఏడాదీ రెండూ సరిచూసుకోవాలి.

బండ్లగూడ_భూమయ్య
లండన్, పెట్రోగ్రాడ్ అన్నీ తిరిగొచ్చిన్రు గని కడవెండి దిక్కు ఎవ్వలు చూస్తలేరు. కొమరయ్య తారీకు సంగతేంది?

1946 జూలై 4, గురువారం. కడవెండిల ఊరేగింపు మీద విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు తుపాకులు పేల్చిన్రు. అప్పటి నల్గొండ జిల్లా, ఇప్పుడు జనగామ. సాయుధ పోరాటానికి తొలి అమరుడు అంటరు. తారీకు మీద పేచీ లేదు. కని నిజాం కాలపు కాగితం చూడాల్నంటే జూలై అని వెతికితే దొరకది. అక్కడ ఫసలీ (శిస్తు లెక్కల ఏడు) ఉంటది, ఆజూర్, దై, బహమన్ అని నెలలు.

లెక్క గిట్ల: హైదరాబాద్ సంస్థానంల ఫసలీ ఆజూర్‌తోని షురువైతది, అంటే అక్టోబర్ మొదటి వారం. అక్టోబర్ సంది డిసెంబర్ దాకా ఇంగ్లీషు ఏడులకెల్లి 590 తియ్యాలె, జనవరి సంది సెప్టెంబర్ దాకా 591. కొమరయ్య పోయిన దినం 1355 ఫసలీ. గదే దినం బెజవాడల? మద్రాసు ఇలాఖ ఫసలీ జూలై 1కే మారుతది, గందుకే అక్కడ 1356. పొద్దు ఒక్కటే, నడుమ సరిహద్దు దాటితే ఏడాదే మారింది. ఖాస్రా పహాణీ (భూమి రికార్డు) 1954-55ని 1364 ఫసలీ అని ఎందుకంటరో గిప్పుడు తెలిసిందా.

తేదీలతాత
భూమయ్యగారూ, అక్టోబర్ 1 నుంచి 5 దాకా ఏం చేస్తారు?

బండ్లగూడ_భూమయ్య
గా నాల్గైదు దినాలు నెల పేరు చూడాలె సార్. ఆబాన్ అని ఉంటే పాత ఏడు, ఆజూర్ అని ఉంటే కొత్తది. అంకె ఒక్కటి చూసి తీసివేత చేస్తే బోర్ల పడతం.

పాతబస్తీ_పంచాంగం
హిజ్రీకి ఇంకో తంటా ఉంది. అందులో రోజు సూర్యాస్తమయానికి మారుతుంది, పంచాంగంలో సూర్యోదయానికి, ఇంగ్లీషులో అర్ధరాత్రికి. వివేకానందుడు పోయింది రాత్రి 9 దాటాక. ఇంగ్లీషు లెక్కకీ పంచాంగానికీ అది జూలై 4 నాటి రోజే, హిజ్రీ లెక్కకి మర్నాడు. తెల్లవారుజాము 3కి పోయి ఉంటే ఇంగ్లీషూ హిజ్రీ ఒక వైపు, పంచాంగం ఇంకో వైపు. పాత కాగితంలో తేదీతో పాటు వేళ రాసి ఉంటే దాన్ని వదలొద్దు.

హిజ్రీ ఏడాదిని ఒక్క ఇంగ్లీషు ఏడాదిగా మార్చడం కూడా ప్రమాదమే. మన చార్మినార్, నగరం రెండూ హిజ్రీ 1000 అంటాం, 1591 అని రాస్తాం. హిజ్రీ 1000 మొదలైందే 1591 అక్టోబర్ 19న. నెల తెలియని సంగతేదైనా సరే, ఆ ఏడాదిలో జరిగిందంటే 1592లో పడే అవకాశమే ఎక్కువ.

మౌలాలి_మెట్లు
చార్మినార్ మీద చెయ్యి వేశారు. ఇక రాత్రికి నిద్రపోయినట్టే.

పాతబస్తీ_పంచాంగం
చెయ్యి వేసింది తీసివేత మీద. చార్మినార్ మీద కాదు.

వారాల_వనజ
జూలై 4కి ఒక సుళువు ఉంది, బోర్డు రాసేవాళ్ళకి పనికొస్తుంది. ఏ ఏడాదైనా ఏప్రిల్ 4, జూన్ 6, జూలై 4, ఆగస్టు 8, అక్టోబర్ 10, డిసెంబర్ 12 ఒకే వారం. ఆగస్టు 15 కూడా అదే, జూలై 4 నుంచి సరిగ్గా 42 రోజులు కాబట్టి. 1947 ఆగస్టు 15 శుక్రవారమని అందరికీ తెలుసు, కనక బిల్లు పెట్టిన జూలై 4 కూడా శుక్రవారం. ఒక ఏడాది వెనక్కి వెళ్తే వారం ఒక రోజు వెనక్కి పోతుంది, లీపు ఫిబ్రవరి మధ్యలో ఉంటే రెండు. అలా 1946కి గురువారం, భూమయ్యగారు చెప్పిందే.

పాత పత్రిక దొరికితే దాని మీద వారం ఉంటుంది. తప్పు జరిగేది ఒక చోటే: 5వ తేదీ పత్రికలో వచ్చిన వార్తని 5న జరిగిందని రాసుకుంటారు. వార్త మొదట్లో ఊరి పేరు పక్కన ఉండే తేదీ చూడాలి, పేజీ పైన ఉండే తేదీ కాదు.

చుక్కల_చంద్రం
1997 పాత్‌ఫైండర్‌ది కూడా చూశా. దిగింది అంతర్జాతీయ సమయం 16:57కి, మనకి రాత్రి 10:27. గంటన్నరకి పైగా ఆలస్యమై ఉంటే హైదరాబాద్ బోర్డు మీద జూలై 5 అయ్యేది. ప్రస్తుతానికి బతికిపోయింది.

బతకనిది చంద్రుడి మీద దిగిన రోజు. అమెరికాలో 1969 జూలై 20. మనకి దిగింది 21 తెల్లవారుజాము 1:47కి, ఆర్మ్‌స్ట్రాంగ్ కాలు పెట్టింది ఉదయం 8:26కి. జూలై 20 బోర్డుకి రాస్తే బ్రాకెట్లో 'అమెరికా సమయం' అని ఉండాల్సిందే.

ట్యాంక్‌బండ్_ట్రాట్‌స్కీ
పెర్ల్ హార్బర్ డిసెంబర్ 7, మలయాలో కోటబారు మీద జపాన్ దిగింది డిసెంబర్ 8. తేదీ చూస్తే కోటబారు తర్వాతది. గడియారం చూస్తే గంటకు పైగా ముందే జరిగింది. మధ్యలో తేదీ రేఖ ఉంది మరి.

భక్త_భరద్వాజ
మీ లెక్కలన్నీ బావున్నాయి కానీ వివేకానందుడు, అల్లూరి, పింగళి, కొమరయ్య, నేతాజీ అంతా ఒకే తేదీ చుట్టూ చేరడం ఉత్తినే జరుగుతుందా? ఆ తేదీలో ఏదో ఉంది.

సున్నా_శకం
ఏ తేదీ ఎత్తినా ఇంతే ఉంటుందండీ. ఆగస్టు 29: గిడుగు రామమూర్తి, ధ్యాన్‌చంద్ పుట్టినరోజులు. అందుకే తెలుగు భాషకీ ఆటలకీ ఒకే రోజు. డిసెంబర్ 15: 1950లో పటేల్ పోయారు, 1952లో అదే తేదీ రాత్రి పొట్టి శ్రీరాములు, 1933లో బాపు పుట్టారు. సెప్టెంబర్ 28: 1895లో జాషువా జననం, 1908లో మూసీ వరద. ఆగస్టు 23: ప్రకాశం పంతులు పుట్టినరోజు, చంద్రయాన్-3 దిగిన రోజు. అన్నిట్లోనూ 'ఏదో' ఉందంటే ఎందులోనూ లేనట్టే.

లెక్క కావాలంటే: 23 మందిని గదిలో కూర్చోబెడితే ఎవరో ఇద్దరి పుట్టినరోజు కలిసే అవకాశం సగం కంటే ఎక్కువ, ఎందుకంటే 23 మందిలో జతలు 253. అదే 'నా పుట్టినరోజుతో కలవాలి' అంటే 253 మంది కావాలి. ముందు తేదీ అనుకుని వెతకడం కష్టం. వెతికాక దొరికిన తేదీని చూసి ఆశ్చర్యపోవడం చాలా సుళువు. ఒక్క వెయ్యి ప్రముఖ ఘటనలు తీసుకున్నా తేదీకి సగటున మూడు పడతాయి.

భక్త_భరద్వాజ
మరి జెఫర్సన్, ఆడమ్స్? పత్రం ఆమోదించి సరిగ్గా 50 ఏళ్ళు నిండిన రోజు, అయిదారు గంటల తేడాతో ఇద్దరూ. దానికేమంటారు?

సున్నా_శకం
అది మాత్రం అరుదైనదే, కాదనను. ఒకరికి 83, ఒకరికి 90. అయిదేళ్ళకి అదే తేదీన మన్రో కూడా. మొదటి అయిదుగురు అధ్యక్షుల్లో ముగ్గురు. కాకపోతే ముసలివాళ్ళు పండగ దాకా ప్రాణం బిగబట్టుకుని ఉంటారన్న మాట మన ఇళ్ళలోనూ ఉందిగా.

తేదీలతాత
ఇక్కడ ఒక గీత గీయాలి. కలిసిన తేదీలు వేరు, కలిపిన తేదీలు వేరు. 1946లో ఫిలిప్పీన్స్‌కి జూలై 4 రావడం కాకతాళీయం కాదు, తమ స్వాతంత్ర్య తేదీనే అమెరికా ముందే ఖాయం చేసి పెట్టింది. అదే రోజు కడవెండిలో జరిగినదానికీ దానికీ మాత్రం ఏ సంబంధం లేదు. ఒకే ఏడు, ఒకే తేదీ, ఒకటి ఏరుకున్నది, ఒకటి వచ్చి పడింది.

మన ఆగస్టు 15 కూడా ఏరుకున్నదే, జపాన్ లొంగుబాటుకి రెండేళ్ళు నిండే రోజని మౌంట్‌బాటెన్ పట్టుకున్నాడు. 1930 జనవరి 26 పూర్ణ స్వరాజ్ దినం కాబట్టి రాజ్యాంగాన్ని 1949 నవంబర్ 26న ఆమోదించి కూడా అమలుకి రెండు నెలలు ఆగారు. జర్మనీ నవంబర్ 9లో రెండు రకాలూ ఉన్నాయి: 1918 రిపబ్లిక్, 1923 హిట్లర్ తిరుగుబాటు, 1938 యూదుల మీద దాడులు, 1989 బెర్లిన్ గోడ. 1938ది 1923 వార్షికానికి పార్టీ పెద్దలు మ్యూనిక్‌లో చేరిన రాత్రే రాజుకుంది. 1989ది మాత్రం ఒక ప్రతినిధి కాగితం తప్పుగా చదవడం.

పాతబస్తీ_పంచాంగం
ఆగస్టు 15 అన్నారు కాబట్టి. చట్టంలో పాకిస్తాన్‌కి కూడా ఆగస్టు 15 అనే ఉంది. 1948 జూలైలో వాళ్ళు వేసిన మొదటి స్టాంపుల మీద కూడా '15 ఆగస్టు 1947' అనే అచ్చయింది. 14న జరుపుకోవడం మొదలైంది ఆ తర్వాత. ముద్రించిన స్టాంపు కంటే గట్టి సాక్ష్యం ఏం కావాలి.

నల్లకుంట_నిజాం
అయితే సెప్టెంబర్ 17 సంగతి కూడా తేల్చండి. అది విమోచనా, విలీనమా

గేటుకీపర్ (నిర్వాహకుడు)
పేరు మీద గొడవ వద్దు, దానికి వేరే చర్చ 40 పేజీలుంది. తేదీ వరకైతే సరే.

తేదీలతాత
తేదీ వరకే. 1948 సెప్టెంబర్ 13న సైన్యం కదిలింది. 17న నిజాం రేడియోలో లొంగుబాటు ప్రకటన. 18న నిజాం సేనాధిపతి జనరల్ ఎల్ ఎద్రూస్ భారత సైన్యపు జనరల్ చౌదరికి లాంఛనంగా లొంగిపోయాడు. 17 అంటే ప్రకటన, 18 అంటే లాంఛనం. క్రియ సరిగ్గా రాస్తే రెండూ నిజమే. ఆ 17నే జెరూసలేంలో ఐక్యరాజ్యసమితి మధ్యవర్తి బెర్నాడోట్‌ని చంపారు, ప్రపంచ పత్రికలకి ఒకే రోజు రెండు పెద్ద వార్తలు.

బోర్డు_బాబాయ్
తల తిరుగుతోంది కానీ దారి దొరికింది. 14లో చుక్కా హత్తీనూ తీసేస్తున్నా. బోర్డు మీద ఎన్ని పడతాయి?

సైన్‌బోర్డు_సత్తి
36 అంగుళాల ఎత్తులో శీర్షికకి 6, పైనా కిందా కలిపి 3 వదిలితే 27 మిగులుతాయి. రోడ్డు మీంచి చదవాలంటే అక్షరం 2 అంగుళాలు ఉండాలి. ఇంగ్లీషుకైతే లైనుకి 3 చాలు, తెలుగుకి చాలవు. పైన గుడి, కింద ఒత్తు. 'కొమరయ్య'లో య ఒత్తు కింది లైనులోని గుడిని గుద్దుకుంటుంది. లైనుకి నాలుగున్నర పెట్టుకోండి, అంటే 6 లైన్లు, ఏడోది ఇరికించొద్దు. 48 అంగుళాల వెడల్పులో అంచులు పోను లైనుకి 21, 22 అక్షరాలు.

జూలై కాబట్టి తుంపర పడుతుంది. చాక్‌పీసుల్ని పది నిమిషాలు చక్కెర నీళ్ళలో నానబెట్టి తడి మీదే రాస్తే పొడి రాలదు, చెయ్యి తగిలినా చెరగదు. మర్నాడు తుడవడానికి మాత్రం తడిగుడ్డ కావాలి, డస్టర్ పనిచెయ్యదు. చీమలొస్తే నన్నడగొద్దు.

బోర్డు_బాబాయ్
ఇదిగో, ఆరు:

1776 అమెరికా పత్రం ఆమోదం
1897 అల్లూరి జననం, పాండ్రంగి
1902 వివేకానందుడి నిర్యాణం
1946 కడవెండిలో కొమరయ్య బలి
1947 లండన్‌లో స్వాతంత్ర్య బిల్లు
1963 పింగళి వెంకయ్య మరణం

బండ్లగూడ_భూమయ్య
'బలి' వద్దు సార్. 'అమరుడు' అనుండ్రి. జాబితాల గా ఒక్క మాట సక్కగుండె, గదే తీసేసిన్రు.

బోర్డు_బాబాయ్
మార్చా. '1946 కడవెండి: కొమరయ్య అమరుడు.'

కోఠీ_పాతపుస్తకం
మేరీ క్యూరీని వదిలేశారేం? ఆవిడ పుట్టిన నవంబర్ 7 సి.వి. రామన్‌ది కూడా. ఆ రోజుకైనా రాయండి.

ట్యాంక్‌బండ్_ట్రాట్‌స్కీ
నవంబర్ 7 మాకు రిజర్వుడు.

మౌలాలి_మెట్లు
జూలై 5 జాబితా వచ్చిందా బాబాయ్?

బోర్డు_బాబాయ్
వచ్చింది. మొదటి లైను: '1687 న్యూటన్ ప్రిన్సిపియా ప్రచురణ.' ఇంగ్లండ్, 1752కి ముందు. పది కలపాలి. అంటే అసలు 15 కదా జూలియన్ గారూ?

జూలియన్_జూబ్లీహిల్స్
15.

తేదీలతాత
5 అనే రాయండి.